ఆదివారం గంట

ఆ రోజుల్లో నాకు రెండే భయాలు, ఒకటి దేవుడు, రెండోది మా సారు. దేవుడు క్షమిస్తాడని ప్రతి ఆదివారం చర్చిలో చెప్పేవారు. మా సారు గురించి ఎవరూ ఆ హామీ ఇవ్వలేదు. ఎనభైల్లో మా ఊరి మట్టెవాడలో ఓ ఇరుకు మేడ మీద ఆయన నడిపే ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో కొత్తగా చేరాను. ఆరు నెలల ట్రయల్. పని నచ్చకపోతే ఇంటికి పంపిస్తానని సారు, అలా పంపిస్తే టీచర్ ట్రైనింగులో చేర్పిస్తానని నాన్న ముందే చెప్పేశారు.

నాకిచ్చిన మొదటి పని, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఓ మిషన్ బడికి దానంతటదే మోగే గంట. పెట్టెలో ఒక మెమరీ చిప్పు ఉంటుంది. ఏ రోజు ఎన్నింటికి మోగాలో దానిలోని చిన్న చిన్న గదుల్లో రాయాలి. గదిలో సున్నా ఉంటే ఆ రోజు గంట లేనట్టే. (తప్పు రాస్తే చెరపడానికి వారం పాటు ఎండలో పెట్టాలి. మా చిప్పు అమ్మ పెట్టిన వడియాల పక్కనే ఎండేది, కాకులు రాకుండా ఇద్దరం కాపలా.) మా దగ్గరున్న ఒకే ఒక్క చిప్పులో ఒక గది పాడైపోయింది. ఏం రాసినా సున్నాయే. పోనీ వదిలేద్దామంటే మిగతా గదులన్నీ నిండిపోయాయి. చెబితే నేనే పాడు చేశానంటాడని సారుకు చెప్పలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు వరుసను కాస్త జరిపి, ఆ చెడ్డ గదిలోకి ఆదివారం వచ్చేలా రాశాను. ఆదివారం బడికి సెలవే కదా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గంట బిగించిన రోజు, ఇన్నేళ్ళుగా ఇనుప గంట కొట్టిన అటెండరు తాత గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. హెడ్మాస్టరు మాత్రం సంబరపడి, "మంచిగున్నదమ్మా. ఆదివారం తొమ్మిదింటికి సండే స్కూలు గంట సుత ఇదే కొడ్తది గద?" అన్నాడు. చిన్నప్పటినుంచి బైబిలు పాఠాలకని సండే స్కూలుకు వెళ్ళినదాన్ని, ఆ సంగతే మరిచిపోయాను. నా పక్కనున్న సారు, "ఎందుకు కొట్టది సార్, ఫికర్ జెయ్యకుండ్రి" అనేశాడు.

సారుకు తెలియకుండా కొత్త చిప్పు కోసం బొంబాయికి ఉత్తరం రాశాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దటి ప్యాసింజరెక్కి వెళ్ళడం, చెకింగని చెప్పడం, తొమ్మిది కాగానే గంట మోగుతోందో లేదో చూసుకోవడానికి పెట్టె అడుగున పెట్టిన బటన్ గుట్టుగా నొక్కడం. "గింత బాధ్యత ఎవలకున్నది" అని హెడ్మాస్టరు మెచ్చుకున్నప్పుడల్లా తల వంచుకుని పెట్టె మూత బిగించేదాన్ని. ఇంట్లో అమ్మ, "చర్చికి రాకుండ వారం వారం ఎటు పోతానవే? ఎవలన్న పిలగాడా?" అని నిలదీసేది. గంట కొట్టడానికని చెబితే నమ్మేది కాదు.

ఒక ఆదివారం బండి ఘన్‌పూర్ సిగ్నల్ బయటే ఆగిపోయింది. తొమ్మిదికి పది నిమిషాలుంది. దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తాను. బడి గేటు కనిపించేసరికి తొమ్మిదైంది. ఉద్యోగం పోయిందనుకున్నాను. సరిగ్గా అప్పుడే గంట మోగింది. అక్కడే నిలబడి ఏడ్చేశాను, దేవుడు ఆ గదిని బాగుచేశాడని. లోపలికి వెళ్ళి పరీక్షించి చూస్తే సున్నా సున్నాగానే ఉంది. అద్భుతాలను మీటరు పెట్టి చూడకూడదని సరిపెట్టుకున్నాను.

వానాకాలం మొదలయ్యాక కొత్త చిప్పు వచ్చింది. అది బిగించి బయటికి వస్తుంటే తాత అడిగాడు.

"ఇగ ఆదివారాలు రావా బిడ్డా?"

"ఇగ దానంతటదే మోగుతది తాతా."

"అనుకున్న. నువ్వు ఒత్తితెనే మోగుతదని మొదటి వారమే ఎరుకైంది. బండి ఆగిన నాడు నేనే ఒత్తిన. కొత్త కొలువు గద, పోతదేమో అనిపిచ్చింది."

ఆయన చేతిలోని గంటను లాక్కుని నేను సంపాదించుకున్న కొలువు అది. తల ఊపి రైలుకు పరుగెత్తాను. చెప్పులు చేత పట్టుకుని ఉరికిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. తాతకు ఒక్క మంచి మాటైనా చెప్పకుండా వచ్చేశానని ఆ వెంటనే గుర్తొస్తుంది.