పెనుకొండ వచ్చేలోపల తెగని ఆట

సెల్‌ఫోన్లు ఇంకా షావుకార్ల జేబుల్లోనే మోగుతున్న కాలం అది. హిందూపురం నుంచి ధర్మవరం పోయే పొద్దుటి ప్యాసింజరులో మనిషికి మనిషే కాలక్షేపం. ఇప్పుడు రైలెక్కితే ఎవరి వెలుతురు వాళ్ల అరచేతిలో ఉంటుంది, పక్కన కూర్చున్నవాడిది ఏ ఊరో కూడా తెలియకుండా దిగిపోతాం. అప్పుడట్లా కాదు. రోజూ వచ్చే మనిషి ఒక్కరోజు రాకపోతే జ్వరమా, చుట్టాలా, అత్తగారింట్లో గొడవా అని పెట్టె మొత్తం ఆరా తీసేది. నేను అప్పుడే డిగ్రీ ముగించి, ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగట్లో లెక్కలు రాసే ఉద్యోగం సంపాదించి, మీసం సరిగ్గా కుదరక వారానికొక తీరుగా కత్తిరించుకుంటూ ఉన్నాను. ఆ మీసంతోనే, ఆ పెట్టెలోనే నేను 'రూల్స్ సార్'నయ్యాను. బడిలో పాఠం చెప్పకుండా సార్ అనిపించుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

మా జట్టుకు పెద్ద జరీ మామ. హిందూపురం నుంచి జరీ సంచిలో వేసుకొనిపోయి ధర్మవరం మగ్గాలవాళ్లకు అమ్మేవాడు. శుక్రవారం తెల్లటోపీ, మిగతా రోజుల్లో తలకు తువ్వాలు. ఆ తువ్వాలు మోకాళ్ల మీద పరిస్తే అదే మా బల్ల, దాని మీద రమ్మీ ఆడేవాళ్లం. పందెం ఏమీ లేదు, ఓడినవాడు టీ ఇప్పించాలి, అంతే. అయినా ఒక పొద్దు రైల్వే పోలీసు వచ్చి ముక్కలన్నీ లాక్కొని, పెద్దమనుషులని కూడా చూడకుండా నలుగురిలో తిట్టిపోయాడు. ఆ తర్వాత వారం రోజులు ప్రయాణం ఉప్పులేని కూడులాగా గడిచింది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో జరీ మామ సంచిలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. బెంగళూరులో ఉండే ఆయన మనవడు ఆడి ఆడి విసుగొచ్చి వదిలేసిన ముక్కలంట. ఒక్కోదాని మీద ఒక్కో వింత జంతువు, దాని కింద చీమ తలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు.

"ఇవి పేకముక్కలు కాదబ్బా, పిల్లోల్ల బొమ్మలు. పోలీసు కాదు, వాని పైనోడొచ్చినా ఏమీ అనేదానికి లేదు" అన్నాడు మామ, వకీలుకు ఏమాత్రం తగ్గకుండా.

అదిగో, అప్పుడే కిటికీ పక్కన పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటున్న టీచరమ్మ ఎర్రపెన్ను మూసింది. పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఆమె. రోజూ మా ఎదురుగానే కూర్చునేది. రమ్మీ ఆడినంత కాలం మా తువ్వాలు వైపు కన్నెత్తి చూసిన మనిషి కాదు. "ఆ బల్లికి రెక్కలుండాయే! ఎవరిదది?" అంది. (ఆ ముక్క నా చేతిలో ఉంది. నా జీవితంలో బల్లి వల్ల మేలు జరిగింది ఆ ఒక్కసారే.) ఆ రోజు నుంచి ముగ్గురమూ డబ్బాలోని ముక్కలు పంచుకొని, ఒకరికి నచ్చినవి ఒకరితో మార్చుకొని ఆడడం మొదలుపెట్టాం. రూల్సు చెప్పే పుస్తకం వేలెడంత ఉండేది, అంతా ఇంగ్లీషే. డిగ్రీ చదివినవాణ్ణి గనక చదివి చెప్పే భారం నా మీద పడింది. పడిందని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజు ఎగిరి అందుకున్నాను. టీచరమ్మ ముందు ఇంగ్లీషు చదివే అవకాశం ఎవడు వదులుకుంటాడు? రాత్రి డిక్షనరీ ముందు పెట్టుకొని బట్టీపట్టి, పొద్దున ఏదో అప్పుడే చూసి చెబుతున్నట్టు చెప్పేవాణ్ణి.

ఆ ఆటలో ఏ ముక్క దించామన్నది కాదు, ఎప్పుడు దించామన్నదే అసలు సంగతి. కొన్ని మన వంతులోనే దించాలి. కొన్ని వంతు మొదలయ్యేటప్పుడే పనిచేస్తాయి. కొన్ని మాత్రం ఎదుటివాడి వంతులో కూడా, వాడు దెబ్బ కొట్టబోతుండగా మధ్యలో దించవచ్చు. జరీ మామకు ఈ తేడాలేవీ పట్టేవి కావు. ఆయన దగ్గర తెల్లజుట్టు మంత్రగత్తె ఒకటి ఉండేది, ఎదుటి జంతువును నిద్రపుచ్చుతుంది. దానికి మంచు అవ్వ అని పేరు పెట్టుకున్నాడు. మనం టీ తాగుతున్నా, టికెట్ కలెక్టరు వచ్చినా మంచు అవ్వను దించేవాడు. "మామా, అది ఎదుటోని వంతులో, వాడు దెబ్బ కొట్టేటప్పుడే దించాల" అంటే, "నిద్రకు వంతేముందప్పా? వచ్చినప్పుడు వస్తాది" అనేవాడు. ఇంకొక ముక్క మీద 'వంతు ముగిసేటప్పుడు' అని ఉండేది. "ముగిసేటప్పుడంటే ముగిసినాకనా, ముగియకముందా? సరిగ్గా చెప్పు" అని నిలదీశాడు ఒకరోజు. నాకు మాత్రం ఏం తెలుసు? టీచరమ్మ చూస్తోంది. గొంతు సవరించుకొని, "ముగుస్తాండగా" అన్నాను. మామ చాలాసేపు ఆలోచించి, "అట్ల చెప్పు మరి" అని ఒప్పుకున్నాడు. టీచరమ్మ నవ్వు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూసింది. ఆ పొద్దు నుంచే నాకు రూల్స్ సార్ అన్న పేరు, పెట్టింది ఆమే.

అసలు యుద్ధం వచ్చింది మాత్రం ఒక సోమవారం. నేను రెక్కల బల్లితో దెబ్బ కొట్టాను. మామ మంచు అవ్వతో దాన్ని నిద్రపుచ్చుతానన్నాడు. ఆ రోజు కర్మకాలి సరైన సమయానికే దించాడు. దాని మీద టీచరమ్మ 'అడ్డుపుల్ల' వేసింది. ఎదుటి ముక్క ఏదైనా సరే పనిచేయకుండా ఆపేసే ముక్కకు మేం పెట్టుకున్న పేరది. ఇప్పుడు మూడింట్లో ముందు జరిగేది ఏది? పుస్తకం ప్రకారం ఆఖరున వేసిందే ముందు జరగాలి. అంటే అడ్డుపుల్ల ముందు, మంచు అవ్వ పని రద్దు, బల్లి దెబ్బ మామకు తగిలితీరుతుంది. మామ లేచి నిలబడ్డాడు. "ఇదెక్కడి న్యాయమప్పా? ముందొచ్చినోడు ఎండలో నిలబడుకోని ఉంటే, ఎనక వచ్చినోనికి టికెట్టిస్తారా?" అన్నాడు. శనక్కాయలు అమ్మేవాడు, ఆకుకూరల గంపలవాళ్లు అంతా మామ వైపే. నేను చుట్టూ చూశాను. పెట్టె తలుపు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. "మామా, ఆ తలుపు కాడ నిలబడుకున్నోళ్లు ఎప్పుడెక్కినారు?" "ఇప్పుడే, అందరికంటే ఎనక." "దిగేటప్పుడు ముందు దిగేదెవరు?" మామ తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ తలుపు వైపు చూశాడు. శనక్కాయలవాడు పార్టీ మార్చి, "అవు సామీ, వాళ్లే ముందు దిగాల" అన్నాడు. "అది రైలు, ఇది ఆట" అని గొణుగుతూనే మామ కూర్చున్నాడు. టీచరమ్మ మాత్రం, "శానా బాగా చెప్పినారు సార్, మా పిల్లోల్లకు కూడా ఇట్ల చెప్పేవాళ్లుంటే బాగుండు" అంది. ఆ రోజు అంగట్లో కూడికలన్నీ తప్పు వేశాను.

ఇంతకీ మమ్మల్ని తిట్టిపోయిన పోలీసు మళ్లీ వచ్చాడు. తువ్వాలు మీద ముక్కలు చూసి లాఠీ చంకలో పెట్టుకొని వంగాడు. రెక్కల బల్లిని చేతికి తీసుకొని, "ఇదేమి తింటాది?" అని అడిగాడు. "పోలీసోళ్లను తప్ప అన్నీ తింటాది సార్" అన్నాడు మామ. పోలీసు పెద్దగా నవ్వి పోయాడు. తర్వాత ఎప్పుడు కనబడినా, "ఈ పొద్దు బల్లి గెల్చిందా లేదా?" అని కుశలం అడిగేవాడు.

అన్ని రూల్సూ తెలిసినా నేను గెలిచింది తక్కువ. కారణం, మంచి ముక్క చేతికొస్తే దించబుద్ధి కాదు. ఇంకా పెద్ద ఆపద వస్తుందేమో, అప్పుడు వాడదామని దాచుకునేవాణ్ణి. ఓడిపోయాక చూస్తే అడ్డుపుల్ల చేతిలోనే ఉండేది. "రూల్స్ సార్, దాన్ని ఇంటికి తీసకపోయి కూర చేసుకుంటారా ఏమి?" అని టీచరమ్మ ఎగతాళి చేసేది. ఆమె అట్లా కాదు, దించాలనుకున్న ముక్క దించేసి, ఓడితే చప్పట్లు కొట్టి నవ్వేది. ఆ నవ్వు కోసమే నేను ఆదివారాలను తిట్టుకునేవాణ్ణి. ఆమె అంటే నాకు ఇష్టం. చచ్చేంత ఇష్టం. ఆమెతో ఆ మాట చెప్పాలని రోజూ హిందూపురంలో అనుకోవడం, పెనుకొండలో ఆమె దిగిపోయాక రేపు చూద్దాంలే అనుకోవడం, ఇదే నా దినచర్య. ఒక రోజు పెట్టెలో జనం ఎక్కువ. ఒక రోజు ఆమె ముఖం అలసటగా ఉంది. ఇంకో రోజు నా మీసం ఒక పక్క ఎక్కువ తెగింది. ఇట్లాంటి మాటకు సరైన సమయం రావద్దూ?

నా సంగతి జరీ మామకు ఎప్పుడో తెలుసు. ఒక శనివారం పొద్దున హిందూపురం స్టేషన్లో, ఆమె ఇంకా రాకముందే నన్ను పక్కకు లాగాడు. "ఏమబ్బా, రేపు మడకశిర నుంచి టీచరమ్మను చూసేదానికి వస్తాండారంట. ఇంటోళ్లందరికీ ఇష్టమే అంట. చెప్పేదుంటే ఈ పొద్దే చెప్పల్ల. పెనుకొండ వచ్చేలోపల. అర్థమైందా?" అన్నాడు. పథకం కూడా మామదే: తాను తొందరగా ఓడిపోయి, నిద్ర నటించి, మా ఇద్దరికీ మాట్లాడుకునే వీలు ఇస్తాడు. అన్నట్టుగానే రైలు కదిలిన కాసేపటికే తన జంతువులన్నింటినీ నా బల్లికి బలిపెట్టి, మంచు అవ్వను టీచరమ్మకు బహుమానంగా ఇచ్చేసి, తువ్వాలు మా మోకాళ్ల మీదే వదిలి గురక మొదలుపెట్టాడు. అంత మంచి గురక నేను మళ్లీ వినలేదు.

టీచరమ్మ ముక్కలు చేతిలో పట్టుకొని ఆడకుండా కూర్చుంది. రైలు చాకర్లపల్లి స్టేషను దాటింది. ఆమె ఒకసారి నన్ను చూసింది, ఒకసారి మంచు అవ్వను చూసింది. తర్వాత నెమ్మదిగా, "సార్, ఒకటి అడుగుతా. ఎదుటివాళ్లు ఏమీ చెయ్యకుండా ఊరికే కూచుంటే, మనం ఎంతసేపని ఎదురుచూడల్ల? దానికేమన్నా రూల్ ఉండాదా?" అంది.

చదివేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. గురక పెడుతున్న మామకు కూడా అర్థమై గురక ఆగిపోయింది. నాకు కాలేదు. రూల్ అన్న మాట చెవిన పడగానే నాలో సార్ మేల్కొన్నాడు. "మంచి ప్రశ్న అడిగినారు" అని మొదలుపెట్టి, వంతు ఎట్లా మొదలవుతుంది, మధ్యలో ఎవరికి ఎప్పుడు అవకాశం ఇవ్వాలి, ఇద్దరూ వద్దనుకుంటే వంతు ఎట్లా ముగుస్తుంది, అంతా విడమరచి చెప్పడం మొదలుపెట్టాను. మామ నా కాలు తొక్కాడు. పొరపాటున తగిలిందేమో అనుకొని కాలు పక్కకు జరుపుకొన్నాను. మళ్లీ తొక్కాడు. నేను చెప్పింది ఒప్పుకోవడం లేదేమో అనుకొని, "లేదు మామా, పుస్తకంలో అట్లనే ఉండాది" అని ఆయన వైపు తిరిగి కూడా చెప్పాను. ఆమె అంతా వింది. కిటికీలో పెనుకొండ కొండ కనబడేసరికి ముక్కలు ఒక్కొక్కటీ డబ్బాలో సర్దేసి, నోటుపుస్తకాల సంచి భుజానికి తగిలించుకొని లేచింది.

చెప్పాల్సిన మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. పరుగెత్తాను. ఆమె అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఉంది, నేను తలుపు కమ్మీ పట్టుకొని ఉన్నాను. "టీచరమ్మా, మీతో ఒక మాట..." అన్నాను. రైలు కూత వేసింది. ఆమె కూత ఆగేదాకా నిలబడి, "తెలుసు సార్" అంది. "శానా దినాలాయ. మీరు చెప్తారేమో అని రోజూ అందరూ దిగినాక ఆఖరున దిగుతాండా." ఆ మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ. రైలు కదిలింది. లోపలినుంచి మామ పెట్టె అదిరిపోయేలా అరిచాడు, "దిగప్పా! దిగు!" అని. నడిచే మనిషి కంటే కూడా నెమ్మదిగా పోతోంది రైలు. ముసలివాళ్లు కూడా దిగగలరు. నేనేమన్నానో తెలుసా? వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "నా పాసు ధర్మవరందాకా ఉండాది మామా" అన్నాను.

ఆదివారం వాళ్లు వచ్చారు, చూశారు, ఇరువైపులా నచ్చింది. సోమవారం టీచరమ్మ రైల్లో అందరికీ మైసూర్‌పాకు పంచింది. నాకు రెండు ముక్కలు పెట్టింది, రెండూ తిన్నాను. మామ తనకిచ్చింది తినకుండా కాగితంలో చుట్టుకొని, నా వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ దారిలో పోయేటప్పుడు పెనుకొండ వస్తోందంటే నాకు తెలియకుండానే లేచి తలుపు దగ్గరికి పోతాను. "ఈడ దిగల్లా ఏమి?" అని మా ఇంటామె అడుగుతుంది. "లేదు, గాలికి" అంటాను. రైలు కదిలేటప్పుడు ఆ తలుపులో కమ్మీ పట్టుకొని, ఒక పక్క మీసం ఎక్కువ తెగిన కుర్రాడొకడు నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. వాడి మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. కానీ వీపు మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోద్దామని మాత్రం ప్రతిసారీ చెయ్యి లేస్తుంది.