అరవై మూడు డిజైన్లు, పద్నాలుగు బొట్లు

మొన్న శుక్రవారం నా చేతులతోని నేను చేసుకున్న ఘనకార్యం చెప్త, చాయ్ తాక్కుంట ఇనుండ్రి. నవ్వొస్తె నవ్వుండ్రి. పోచంపల్లిల మా గల్లీ అంత అప్పటి సంది నవ్వుతనే ఉంది. నాకే అన్నం సయిస్తలేదు.

మా యాదగిరి మామ ఇక్కత్ చీరెలకు డిజైన్లు గీసేటోడు. ముప్పై ఏండ్లు గ్రాఫు కాగితం మీద గడి గడి నింపిండు. ఇప్పుడు కండ్లకు పొర కమ్మింది, గీత కనవడది. అందుకనే నేను నల్లగొండల కంప్యూటర్ నేర్చుకొని, పాత కంప్యూటర్ ఒకటి ఇంట్ల పెట్టి, ఆయన డిజైన్లన్ని అండ్ల ఎక్కించిన. అరవై మూడు డిజైన్లు, పదకొండు నెలలు. ఒక్కో డిజైన్ ఎక్కంగనే దాని కాగితం రంగు పొయ్యిల ఏసిన. మామకు చెప్పే ఏసిన.

ఎందుకంటే పక్క గల్లీ సత్తయ్య. మా చీరె మగ్గం దిగకముందే దాని నకలు ఆయన మగ్గం మీద కనవడ్తది. ఎట్ల చూస్తడో, ఎప్పుడు చూస్తడో దేవునికే ఎరుక. కండ్లు పోకముందు మామ ఆఖరుకు గీసిన ఇరవై రెండు డిజైన్లయితే నేను ఇంకా మగ్గం ఎక్కనియ్యలే. అన్నీ ఒక్కసారే తీసి సత్తయ్య నోరు ముయ్యాలె అనుకున్న.

ఇంతల పాత కంప్యూటర్ మొరాయించుడు షురూ చేసింది. పట్నంల ఖాజా భాయ్ అని కంప్యూటర్లు అమ్మేటాయన ఉన్నడు. పాతది తీస్కొని కొత్తది ఇస్త అన్నడు. కని కొత్తది వేరే సిస్టం అట, పాత హార్డ్ డిస్క్ దీనికి పట్టదట. అన్నీ ఫ్లాపీలల్లకు ఎక్కించుకొని, అండ్లకెంచి కొత్త దాంట్లకు దించుకోవాలె. ఒకటికి రెండు కాపీలు తీస్కో భాయ్ అని గూడ చెప్పిండు. రెండు కాపీలుంటె సత్తయ్యకు ఒకటి దొరుకుతది గదా అని నేను ఒక్కటే తీసిన. నా తెలివి గట్లుంటది.

పద్నాలుగు ఫ్లాపీలు నిండినయి. అన్నీ తెరిచి చూస్కున్న, మంచిగున్నయి. ఆ తర్వాత పాత హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టిన. పాత డబ్బా పట్నం పోతే అండ్ల మా డిజైన్లు ఎవరన్న చూస్తె? ఒక్కసారి కాదు, మూడుసార్లు కొట్టిన. గురువారం ఖాజా భాయ్ దాన్ని ఆటోల ఏస్కపోయిండు.

శుక్రవారం పొద్దుగాల కొత్త కంప్యూటర్‌కు పూజ. మా నేతోళ్లకు ఒక అలవాటుంది. పనిముట్టుకు బొట్టు పెడ్తె, అది పని చేసే జాగలనే పెట్టాలె. కత్తెరకు అంచు మీద, మగ్గానికి గుడ్డ నేసే కాడ. కంప్యూటర్‌కు పెట్టిన, కీబోర్డుకు పెట్టిన. ఫ్లాపీలు చేతికి తీస్కున్న. పెద్ద ఫ్లాపీ మీరు చూసే ఉంటరు. నల్లటి అట్ట, దానికి కోలగ ఒక కిటికీ, అండ్లకెంచి లోపలి రేకు కనవడ్తది. కంప్యూటర్ చదివేది అక్కడనే. అంటె పని చేసే జాగ అదే గదా.

పసుపు తడిపి, పద్నాలుగింటికీ ఆ కిటికీలల్ల నిండుగ పెట్టిన. మీద కుంకుమ. మామ పక్కకు కూసొని, గక్కడ ఏలు పెట్టొద్దని నువ్వే అంటివి గదరా అన్నడు. పూజ కాడ గసొంటి మాటలు మాట్లాడొద్దు మామా అని కోపం చేసిన.

బొట్లు ఆరినంక మొదటి ఫ్లాపీ పెట్టిన. లోపట విసుర్రాయి తిరిగినట్టు సప్పుడొచ్చింది. తెర మీద ఇంగ్లీషుల, ఆపాల్నా, మల్ల చూడాల్నా, ఫెయిలా అని అడిగింది. మల్ల చూడుమన్న. మల్ల అదే. రెండోది పెట్టిన, మూడోది పెట్టిన. మొదటి దాని పసుపు మిషన్‌కు అంటింది, మిషన్ది మిగిలినవాటికి అంటింది. తడి గుడ్డతోని తుడిచిన. రేకు మీది పూత గుడ్డకొచ్చింది. పద్నాలుగూ అయిపోయినయి.

నేను మగ్గం పక్కపొంటి కూలవడ్డ. ఏడ్చిన. ఏడ్చిన అని చెప్పుకునేటందుకు నాకేం సిగ్గు లేదు. మామ కండ్లు ఉన్నప్పుడు గీసిన గీతలన్ని అవే.

బస్సెక్కి పట్నం పోయి ఖాజా భాయ్ చేతిల పెట్టిన. ఆయన ఒకటి తీసి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"భాయ్, ఇది ఫ్లాపీనా, గడపనా?" అన్నడు.

పాత డిస్క్ గురించి అడిగితె, ఒక్కసారి కొట్టి ఉంటె చూద్దుము, మూడుసార్లు ఎవరు కొట్టమన్నరని తల పట్టుకున్నడు.

ఇంటికొచ్చి మామకు ఎట్ల చెప్పాలో అర్థం కాలే. చెప్పిన. ఆయన లేచి కండువా భుజం మీద ఏస్కున్నడు.

"సత్తయ్య కాడికి పోదాం పా," అన్నడు.

"ఆయన కాడికెందుకు మామా?"

"ఇన్నేండ్ల సంది ఎత్కపోయిండు గదా, దాచి ఉంటడు."

పోయినం. మామ సంగతి చెప్తె సత్తయ్య ఎక్కిరియ్యలే. లోపటికి పోయి పెట్టె తెచ్చిండు. అండ్ల గ్రాఫు కాగితాలు, వరుసగ, మామ పేరు రాసి దారంతోని కట్టి. నలభై ఒకటి. ఒక నెమలి తోక కాడ మామ రెండు గళ్లు తప్పిండట, అది గూడ సరి చేసి పెట్టిండు.

ఇప్పుడు రోజూ ఆయన అరుగు మీద కూసొని మా డిజైన్లు మేమే నకలు కొట్టుకుంటున్నం. ఇగ పోయినయి ఇరవై రెండు. సత్తయ్యకు దొరకకుంట నేను భద్రంగ దాచినయి.

నిన్న మామ ఆ కాగితాలు తడుముకుంట మెల్లగ అన్నడు:

"అవి గూడ ఆయనను ఎత్కపోనిస్తె అయిపోతుండె గదరా."