ఆరింటికి మూసేసే వెబ్ ఆప్షన్లు

మొన్న ల్యాప్‌టాప్ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటానంటే సరేనని నొక్కాను. తీరా చూస్తే వైఫై గుర్తు మాయమైంది. పావుగంటలో తనంతట తనే సర్దుకుంది గానీ, ఆ పావుగంటా నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేక వరండాలోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఏ పనీ లేని మనిషికి ఇంత తొందరేమిటని మా ఆవిడ నవ్వింది. ఆవిడకు చెప్పలేదు గానీ, నా ఈడువాళ్లు కదా, మీకు చెబుతాను.

పొదిలి దగ్గర ఒక ఊళ్లో లెక్కల మాస్టరుగా పనిచేస్తూ, ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా, నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ, ఏ కోర్సు ముందు కావాలో వరసగా కంప్యూటర్‌లో ఆప్షన్లు పెట్టాలి, ఆ సాయంత్రం ఆరింటితో గడువు సరి. నెట్ సెంటర్ ఎందుకు, నేనున్నానుగా అని గొప్పకు పోయి రమ్మన్నది నేనే, ఆ పొద్దున్నే ల్యాప్‌టాప్‌కి కొత్త సిస్టమ్ ఎక్కించుకుని వైఫై పోగొట్టుకున్నదీ నేనే.

మూడింటికి తల్లీకూతుళ్లు వచ్చారు. వాన పడి పత్తి గింజలు పెట్టే రోజులు, ఆ తల్లి కూలి మానుకుని వచ్చింది. పొదిలి నెట్ సెంటర్‌కి వెళదామంటే ఊళ్లో ఉన్న రెండు ఆటోలూ పెళ్లికి పోయాయి. టీవీకి యాంటెన్నా తిప్పిన తరం కదా మనది, నేను ల్యాప్‌టాప్ పట్టుకుని డాబా ఎక్కాను, తూర్పుకి తిప్పాను, పడమరకి తిప్పాను, రౌటర్‌ని ఎత్తి పట్టుకోమని ఆ తల్లిని కింద స్టూలు మీద నిలబెట్టాను. "వచ్చిందా అయ్యా?" అని ఆవిడ కింద నుంచి అడుగుతూనే ఉంది, నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

అయిదు దాటాక ఆ పిల్లే మెల్లగా అంది, "సార్, మీ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో దీనికి తగిలిస్తే నెట్ వస్తుందండి." వచ్చింది. వైఫైని నడిపే డ్రైవర్ అనే పాత సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌కి పనికిరాదట, సరైనది దించుకోగానే వైఫై కూడా లేచి కూర్చుంది. అప్పటికి గడియారంలో ఆరుకు పది నిమిషాలు. నేను కీబోర్డు వదల్లేదు. ఆడపిల్ల, దగ్గరుంటే మంచిదని మొదట ఒంగోలులో సివిల్ పెట్టాను, ఆ తర్వాత చేతికి తోచినవి పెట్టి, ఖాయం చేసేసి, గెలిచానన్నట్టు వెనక్కి వాలాను. తల్లి రెండు చేతులూ జోడించింది.

వాళ్లు వెళ్లాక ఆ పిల్ల కూర్చున్న కుర్చీలో మడతపెట్టిన కాగితం కనపడింది. గుండ్రటి అక్షరాలతో వరస రాసుకుని తెచ్చుకుంది, మొదటిది గుంటూరులో కంప్యూటర్ కోర్సు. మూడు గంటల సేపు నా పక్కనే ఉంది, నేను అడగలేదు. నాకు సిగ్గేసింది.

ఒంగోలులో సీటొచ్చింది, సివిలే చదివింది, ఇప్పుడు రోడ్ల పనుల దగ్గర ఉద్యోగం. అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఆరోగ్యం అడుగుతుంది, ఆ సంగతి మాత్రం ఎత్తదు, ఎత్తే ధైర్యం నాకూ లేదు. ఇప్పటి పిల్లలు ఎవరి ఫోన్‌లో వాళ్లే ఆప్షన్లు పెట్టుకుంటున్నారు, మంచిదే. నీకేం చదవాలనుందమ్మా అని అడిగి, బదులు వచ్చేదాకా ఆగే తీరిక ఇన్నాళ్లకు నాకు చిక్కింది, నా గుమ్మంలోకే ఎవరూ రావడం లేదు.