సముద్రం మీదికి వెళ్ళిన నా గొంతు

ఆదివారాలు మా సంఘంలో వాక్యం చదివేది నేనే. ఈ గొంతు దేవుడిచ్చిందని పెద్దలు అనేవారు, నేనూ నమ్మేదాన్ని. పల్లెలకు సెల్‌ఫోన్లు వస్తున్న కొత్తలో, బందరులో నేను నర్సుగా చేస్తున్న చిన్న ఆసుపత్రివాళ్ళు గర్భిణులకు జాగ్రత్తలు రికార్డు చేయించాలనుకుని నన్నే కూర్చోబెట్టారు. ఏ నెలకు తగ్గ మాటలు ఆ నెలలో, వారానికోసారి, కంప్యూటరే ఫోన్ చేసి వినిపిస్తుంది. మైకు ముందుకు వెళ్ళే ముందు మోకరించాను. చదువురాని తల్లి చెవికి కూడా ఈ మాట చేర్చు ప్రభువా, అని అడిగాను.

మంగినపూడి వైపు నుంచి తొలిచూలు పిల్ల ఒకతి అత్తగారితో పరీక్షలకు వచ్చేది. బీపీ బాగానే ఉండేది.

"ఫోన్‌లో చెప్పేవి వింటున్నావా అమ్మా?" అని ఒకసారి అడిగాను. పిల్ల తల వంచుకుని నవ్వింది. అత్తగారు అందుకుంది.

"దానికెక్కడిదండీ సెల్లు! ఇంటికల్లా ఒకటే. అది మావోడితో ఏటకెళ్ళిపోద్ది. ఒడ్డున చేపల రేటెంతుందో కనుక్కోవాలి గదండీ. బోటు మీద అందరూ ఇంటన్నారంట. 'ఏరా బావా, నీకెన్నో నెలరా? కాళ్ళకి నీరొచ్చిందా?' అని ఆడి ప్రాణం తీస్తన్నారంట!"

ముగ్గురం నవ్వాం. మొగుడు ఒడ్డుకు రాగానే విన్నదంతా తనకు చెబుతాడనీ, ఆకుకూర కూడా అతనే తెస్తున్నాడనీ పిల్ల మెల్లగా అంది.

ఎనిమిదో నెలలో, అతను వేటకు బయల్దేరుతున్న పూట, తల పగిలిపోతోందని ఆ పిల్ల అంది. అత్తగారు దిష్టి అనుకుని ఉప్పు తిప్పిపోసి పడుకోమంది. అతను వెళ్ళాడు. వలలు లాగుతుండగా ఫోన్ మోగింది. నా గొంతు. తల విపరీతంగా నొప్పి పుట్టినా, కళ్ళ ముందు మెరుపులు కనబడినా, ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రండి.

ఆ పూట బోటు మీద ఎవరూ నవ్వలేదట.

భార్యకు చెబుదామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అతని చేతిలోనే ఉంది. ఒడ్డున చేపలు కొనే వ్యాపారికి చేశాడు. ఆయన ఇంటికి పరుగెత్తేసరికి పిల్లకు ఫిట్స్ మొదలయ్యాయి. ఆటోలో మా దగ్గరికి తెచ్చారు. తల్లీ దక్కలేదు, కడుపులో బిడ్డా దక్కలేదు.

అతను తడిసిన లుంగీతోనే వచ్చాడు. వరండాలో నన్ను చూసి ఆగాడు.

"ఫోన్‌లో మీ గొంతే గదండీ?"

అవునన్నాను.

"బాగా చెప్పారండీ. ఒక్క ముక్క పోకుండా ఇన్నానండీ."

అందులో నింద లేదు. ఉంటే ఏడ్చేదాన్ని.

ఆదివారం వాక్యం చదవడానికి లేచాను. పేజీ తెరిచి, మళ్ళీ మూసేశాను. పక్కనున్న ఆవిడ నా చేతిలోంచి గ్రంథం తీసుకుని చదివింది. అందరూ ఆమేన్ అన్నారు. నేను అడిగింది ఆయన విన్నాడా, లేదా? వింటే ఆ చెవికి ఎందుకు చేర్చలేదు? ఈ ప్రశ్నతోనే ఇప్పటికీ మోకరిస్తున్నాను.

అతని నంబరు తీసేయమని ఆసుపత్రిలో ఆ పిల్ల పోయిన రోజే చెప్పాను. వాళ్ళు తీసేలోపే కంప్యూటర్ ఇంకోసారి చేసింది. బోటు మీద అతను ఫోన్ కట్టేయకుండా చివరిదాకా విన్నాడట. బిడ్డ కోసం మెత్తటి పాతబట్టలు ఉతికి, ఎండలో ఆరేసి, సిద్ధంగా పెట్టుకోమని నేను అందులో చెబుతాను.