వంగేచి అవ్వ వాటా

అందరూ షేర్లు అమ్ముకుని వెళ్లిపోతే, మిగిలినవాళ్ల భాగం నిజంగా పెరుగుతుందా? నాకిప్పటికీ తెలియదు.

న్యేరి కొండల్లోని మా టీ ఫ్యాక్టరీ యంత్రాల కోసం కొత్త షేర్లు అమ్మినప్పుడు, ఆకు కోసి సంపాదించుకున్న వంగేచి అవ్వ వాటా, వాటాదార్లు పెరిగి పలచబడింది. కొన్నేళ్లకు ఫ్యాక్టరీయే షేర్లు తిరిగి కొంటానంది. అమ్మడానికి అందరం వరస కట్టాం.

అవ్వ మాత్రం పక్కన నిలబడి ఫ్యాక్టరీ గొట్టంలోంచి లేచే పొగకేసి చూస్తోంది. "మీరంతా అమ్మేసి పొండి. మబ్బుల్లో కలిసే ఆ పొగ కూడా నాదే అవుతుంది."

"కొనేది ఫ్యాక్టరీ డబ్బుతోనేగా అవ్వా! నీ భాగం పెరిగినా దాని డబ్బుపెట్టె తేలికవుతుంది" అన్నాను.

"తేలికైంది నీ బుర్ర, మ్వానికీ. పెట్టె ఖాళీ అయితే ఆకు చిగురించదా?"

అమ్మకం కాగితం మీద సంతకం పెట్టి నేను తల తిప్పేసరికి, అవ్వ బుట్ట పట్టీ నొసటికి తగిలించుకుని తేయాకు వరసల్లో ఎటో నడిచిపోతోంది.