పెళ్లి చెంచాల మీద చెరిగిపోయిన పడవ ముద్ర

2023 వేసవి. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక యాంటిక్ షాపు. పాత వెండి సామాను పరీక్షించి, అది ఎక్కడిదో, ఎవరు చేశారో చెప్పడం నా ఉద్యోగం. ఏ చెంచానైనా ముందు బోర్లా తిప్పి చూస్తాం. నార్వే చెంచా అయితే కాడ వెనక తరచుగా 830S అని ఉంటుంది. వెయ్యిలో ఎనిమిది వందల ముప్ఫై వంతులు వెండి అని దానర్థం. దాని పక్కనే చేసినవాళ్ళ గుర్తు, అంటే మేకర్స్ మార్క్, కొట్టి ఉంటుంది.

ఆ రోజు శిరీష వచ్చింది. కార్ల కంపెనీలో ఇంజనీరు, గుళ్ళో పరిచయం. వెంట ఆమె పక్కింట్లో ఉండే నార్వే పెద్దావిడ ఆస్ట్రిడ్, ఆవిడ కొడుకు ఎరిక్ ఉన్నారు. ఎరిక్ ఒక గుడ్డ సంచీ బల్ల మీద పెట్టి, "శిరీష పాలిష్ చేయించి తెచ్చినవి ఇవి. మా అమ్మ చెంచాలు కావు" అన్నాడు.

ఒకటి తిప్పి చూశాను. ముద్ర ఉండాల్సిన చోట అద్దంలా నున్నగా ఉంది. దాని మీద మెలికల అక్షరాలతో ‘మరిట్’ అని చెక్కి ఉంది. ఇంకోటి తిప్పాను. మరిట్. డజను చెంచాలూ అంతే.

"ఏం చేశావే శిరీషా!" అని తెలుగులోనే అరిచేశాను.

"అక్కా, ఆంటీ మనవరాలు మరిట్ పెళ్లికి ఇవ్వాలి, నల్లబడ్డాయి, పాలిష్ చేయించమన్నారు. మన ఇండియన్ జ్యూయలర్ దగ్గర మెరుగు పెట్టించా. గిఫ్ట్ కదా, పేరు కొట్టిస్తే బాగుంటుందని సర్‌ప్రైజ్‌గా... వెనక ఏదో గరుకుగా ఉంది, అరగదీస్తేనే పేరు నీట్‌గా పడుతుంది అన్నాడు. సరే అన్నా. నిన్న ఇస్తే ఆంటీ హగ్ కూడా చేసుకున్నారు. పొద్దున్నే ఎరిక్ వచ్చి, నేను మార్చేశానంటున్నాడు!"

మన ఇళ్ళలో పెళ్లికిచ్చే వెండి గ్లాసు మీద పేరు లేకపోతే వెలితి. ఆ ముచ్చటే నూరేళ్ళు దాటిన ముద్రల్ని తినేసింది. శిరీష మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

"ఇవి మావేనని మీరు తేల్చలేకపోతే పోలీస్ కంప్లయింట్ ఇస్తాం" అన్నాడు ఎరిక్.

శిరీష బల్ల చుట్టూ తిరిగి నా పక్కకొచ్చింది. "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉందక్కా. ఆంటీకి నేనంటే నమ్మకమే, ఇదంతా కొడుకు పనే" అంది నా చెవిలో.

ఆ సెట్‌లోదే వడ్డించే గరిటె ఒకటి ఆస్ట్రిడ్ ఇంట్లోనే ఉండిపోయిందట. ఎరిక్ వెళ్ళి తెచ్చాడు. దాని వెనక 830S, పక్కన బుల్లి పడవ గుర్తు ఉన్నాయి. ముద్ర కొట్టిన దెబ్బకి అడుగు లోహం కూడా నొక్కుకుంటుంది. పైపైన అరగదీసినా ఒక్కోసారి జాడ మిగులుతుంది. లైటు ఏటవాలుగా పెట్టి, కంటికి ఆనించుకునే భూతద్దంతో, అంటే లూప్‌తో, ఒక్కోటీ చూశాను. మొదట్లో ఏమీ దొరకలేదు. తర్వాత ఒకదాంట్లో, మరిట్ పేరు చివరి అక్షరం కింద, పడవ కొన కనిపించింది. దాని పక్కన సగం S. గరిటెతో కొలిచి చూస్తే రెంటి మధ్య ఎడం సరిపోయింది. మరికొన్నింట్లోనూ జాడ దొరికింది. అన్నిటి నగిషీ కూడా గరిటెదే.

"ఇవి మీవే. ముద్రలు పోయాయి, చెంచాలు మారలేదు" అన్నాను.

ఎరిక్ కూడా లూప్‌లో చూసి, శిరీషకి సారీ చెప్పాడు. ఆమె అతన్ని పట్టించుకోకుండా ఆస్ట్రిడ్ చేయి పట్టుకుంది. "మీకు నా మీద డౌట్ లేదని నాకు తెలుసు, ఆంటీ."

ఆస్ట్రిడ్ మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది. "మార్చేశావని అన్నది వాడు కాదు, నేనే. పోలీసుల్ని పిలవమన్నదీ నేనే. వాడే ముందు ఎవరికైనా చూపిద్దామన్నాడు."

నాకే చెంప మీద కొట్టినట్టయింది. శిరీష "నన్నొక్క మాట అడగాల్సింది" అని మాత్రం అని, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

పాత వెండికి మెరుగు పెట్టించొద్దని అప్పట్నుంచి తెలిసినవాళ్ళందరికీ చెబుతున్నాను. వస్తువు మారిపోయిందంటూ ఎవరైనా వస్తే మాత్రం, లూప్ తీయకముందే, మార్చారని అనుకుంటున్న మనిషిని అడిగారా అని అడుగుతాను. అడిగామన్నవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.