నిట్టూరిస్తేనే కదిలే పెన్ను

ఆ వీధిలో అందరికీ ఆవిడ అత్తయ్యే, వయసులో పెద్దవాళ్లకు కూడా. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతూనే జుట్టు నెరిసిన మనిషి. భర్త పోయాక ఓ పాత మేడలో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఒకదాంట్లో తాను సర్దుకుని, రెండోది పరిశోధనకని వచ్చే పరదేశీలకు ఇచ్చేది. దుప్పటి మార్చడం, పొద్దున వేడినీళ్లు, జ్వరమొస్తే పథ్యం, అన్నీ ఆ అద్దెలోనే.

పరిశోధకుల మీద ఆవిడకొక అంచనా ఉంది. వీళ్లకు మనుషులంటే ప్రాణం, మనుషులతో మాట్లాడాలంటే మాత్రం బెదురు. అందుకే ఊరంతా తిరిగి చెయ్యాల్సిన పరిశోధనను వంటింటి గుమ్మం దగ్గరే కానిచ్చేస్తారు.

ఈసారి వచ్చినవాడు ఏడాది ఉంటానన్నాడు. నగరాల్లో ఒంటరితనం మీద పరిశోధనట. బారెడు పొద్దెక్కాక లేచి, ఉన్న ఒక్క కప్పూ కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. వీధి అతనికి కిటికీబాబు అని పేరు పెట్టింది. భాష అంతా పుస్తకాల్లో నేర్చినదే. దిగిన మర్నాడే పెన్ను తీసి అడిగాడు.

"మీరు ఒంటరితనాన్ని ఏ విధంగా అనుభవిస్తున్నారండీ?"

అత్తయ్య ఉన్నమాటే చెప్పింది. కూతురు రోజూ ఫోన్ చేసి బుర్ర తినేస్తుందని, కింద మేడవాళ్లందరి ఉతుకుడు గదిలోకి వెళ్తే కబుర్లలో పడి ఇల్లే గుర్తు రాదని. పెన్ను ఆగిపోయింది. కుర్రాడి మొహం చిన్నబోయింది. విస్తరి ముందు కూర్చున్న చుట్టం ముద్ద దిగక అవస్థ పడుతున్నట్టుంది వ్యవహారం. ఆవిడ ప్రాణం ఉసూరుమని, అనుకోకుండా ఓ నిట్టూర్పు వెలువడింది. పెన్ను కదిలింది.

కిటుకు తెలిసిపోయింది. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపే వంశం కాదు ఆవిడది. కూతురు గుమ్మం తొక్కదంది. కష్టం చెప్పుకుందామంటే గోడలే దిక్కంది. ఉతుకుడు గదిలో నీళ్ల చుక్కల చప్పుడే గానీ మనిషి మాట వినపడదంది. పెన్ను పరుగులు తీసింది. శాస్త్రీయంగా ఉండాలని కుర్రాడు ఓసారి తానే కిందికి దిగి చూసొచ్చాడు, మిట్టమధ్యాహ్నం, లోకంలో ఎవరూ బట్టలు ఉతకని వేళ. గది ఖాళీ. సిద్ధాంతం రుజువైపోయింది.

వ్యాసం పత్రికలో అచ్చయింది. కూతురు అది చదివి, "ఏమ్మా, నేను నీ గుమ్మం తొక్కనట కదా, అయితే ఈ ఆదివారం ఏ గుమ్మంలోంచి రమ్మంటావు?" అని దెప్పింది. అంతటితో పోతే బాగుండేది.

ఉతుకుడు గది పడగొట్టి కార్లు నిలిపే చోటు కట్టాలని మేడ యజమాని ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు. అద్దెకున్నవాళ్లలో ఒక్కరికీ కారు లేదు. ఆ సంగతి అడిగినవాడూ లేడు. ఆయన నగర కార్యాలయానికి అర్జీ పెట్టి, దానికి ఈ వ్యాసం జతచేశాడు, గదిని ఎవరూ వాడటం లేదనడానికి పండితుడి సాక్ష్యంగా. పేదల మీద రాసిన కాగితం పేదల చేతికి రాదు. వాళ్లను ఖాళీ చేయించేవాడి చేతికి మాత్రం తిన్నగా వెళ్లి చేరుతుంది.

ఉతికిన దుప్పటి లేనిదే పరదేశీ ఉండడు. పరదేశీ లేనిదే అత్తయ్యకు ఆ మేడలో చోటు లేదు. అడుసు తొక్కింది తానే, కాలూ తానే కడుక్కోవాలి. కుర్రాడి దగ్గరికి వెళ్లి, నీ మొహం చూడలేక అబద్ధాలు చెప్పాను నాయనా, ఆ మాట కార్యాలయంవాళ్లకు నువ్వు చెప్పాలి అంది. పరిశోధకుడు చూడాలే తప్ప జోక్యం చేసుకోకూడదని, అది వృత్తి ధర్మమని అతను వివరించాడు. ఆ వ్యాసమే రేపు పుస్తకం కావాలన్నది మాత్రం వివరించలేదు.

"చూసిందే రాశానండీ."

"చూశావు బాబూ, ఊరంతా కునుకు తీస్తుంటే చూశావు."

అధికారి ఉతుకుడు గది తనిఖీకి పొద్దున్నే వచ్చాడు. వెనకే యజమాని, ఆ వెనక, తన వ్యాసం గురించే గనక, నిద్రమొహంతో కిటికీబాబు. అత్తయ్య దుప్పట్లు తడుపుతోంది. పై అంతస్తు కుట్టుపనావిడ బిందె దించి, వ్యాసంలో మాట పట్టుకుని అత్తయ్య మీద దండకం మొదలుపెట్టింది.

"మనిషి మాటే వినపడదా ఇక్కడ? మరి నా తోటికోడలి భాగోతమంతా ఎవరికి చెప్పానే, పంపుకా? నోట్లో నువ్వుగింజ నానదు, నువ్వా ఒంటరిదానివి?"

ఇంకొకావిడ అందుకుంది. "నా సబ్బు పట్టుకుపోయినప్పుడు లేదూ ఈ ఒంటరితనం?"

సబ్బు నుంచి వంతుల మీదికి, వంతుల నుంచి బట్టలారేసే తీగల మీదికి తగువు పాకింది. తలా ఒక మాట. అధికారి ఏదో అడగబోతే, "మీరుండండి" అని ముగ్గురు ఒక్కసారే అన్నారు. ఇదంతా ముందే నేర్పిన నాటకమని యజమాని నొక్కి చెప్పాడు. అధికారి వ్యాసం తీసి కిటికీబాబు వైపు తిరిగాడు.

"రాసింది మీరే కదా. ఏమంటారు?"

కుర్రాడు జేబులోంచి పెన్ను తీశాడు. అత్తయ్య బతిమాలలేదు. పిండాల్సిన దుప్పటి చేతిలో ఉంది, రెండో కొస పట్టుకునే మనిషి తగువులో ఉంది.

"పెన్ను జేబులో పెట్టు బాబూ, తడుస్తుంది. ఇది పట్టుకో. నేను ఇటు తిప్పుతా, నువ్వు అటు."

పట్టుకున్నాడు. మెలి బిగిసేకొద్దీ నీళ్లు బూట్ల మీద పడ్డాయి. వదిలితే దుప్పటి మట్టిపాలు. అలా పట్టుకునే, తలెత్తకుండా అన్నాడు.

"నేను ఒక్కసారే వచ్చానండీ. అదీ మధ్యాహ్నం."

"నేనూ మధ్యాహ్నమే వచ్చుంటే సంతకం పెట్టేసి పోయేవాణ్ణి" అని, గది వాడకంలో ఉందని రాసి అధికారి వెళ్లిపోయాడు. యజమాని మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

వారం తిరగకుండా కిటికీబాబు విషయం మార్చుకున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పెన్ను సిద్ధం చేసుకుని అడిగాడు.

"మీరందరూ ఇంత కలివిడిగా ఎలా ఉండగలుగుతున్నారండీ?"

అత్తయ్య ఈసారి నిట్టూర్చలేదు, నవ్వనూ లేదు. మాసిన దుప్పట్ల బకెట్టు అతని చేతికిచ్చి, చెప్పులేసుకుని ముందు నడిచింది.